దూరస్థ చిత్రములు: ప్రవాహ పద్ధతి

వెబ్ పుటలో ప్రదర్శింపవలసిన చిత్రము ఆ పుటను నిర్మించు సర్వరునందు గాక వేరొక సర్వరునందు నిలువయున్నప్పుడు దానిని దూరస్థ చిత్రమందురు. అట్టి చిత్రమును రప్పించి చూపరి తెరపై నిలుపుటకు రెండు మార్గములు కలవు. పుటలో చిత్రపు చిరునామాను మాత్రము వ్రాసి, బ్రౌజరే స్వయముగ దానిని తెచ్చుకొనునట్లు విడుచుట మొదటిది. వెబ్ అప్లికేషనును నడపు సర్వరే మధ్యవర్తియై, మూలస్థానమునుండి చిత్రమును గైకొని, తన పేరుమీద బ్రౌజరున కందించుట రెండవది. ఈ రెండవ మార్గమున, చిత్రమంతయు వచ్చి చేరువరకు వేచియుండక, వచ్చిన బైట్లను వచ్చినట్లే చిన్నచిన్న ఖండములుగ ముందునకు సాగనంపు విధానమునకు ప్రవాహ పద్ధతి యని పేరు. వృత్తిలోనివారు దీనిని స్ట్రీమింగు అనియే వ్యవహరింతురు. దీనిని వేగముకొరకు కొనియాడువారు పెక్కురు గలరు గాని, దీని ముఖ్యప్రయోజనము మితవ్యయము: చిత్రమెంత పెద్దదైనను, మధ్యవర్తి సర్వరుపై బడు జ్ఞాపకభారము దానితోపాటు పెరుగక యొక్క తీరున నిలుచును. వేగము కలిసివచ్చినచో అది ఆనుషంగిక ఫలము.

పూర్వచరిత్ర

వెబ్ పుట్టిన తొలినాళ్లలో చిత్రములు పుటకు అంతర్భాగములు కావు. చూడగోరువారు లంకెను నొక్కి వానిని వేరొక కిటికీలో తెరచుకొనవలసియుండెను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటింగు కేంద్రమున మొజాయిక్ బ్రౌజరును రూపొందించుచుండిన మార్క్ ఆండ్రీసెన్, 1993 ఫిబ్రవరి 25న, పుటమధ్యముననే చిత్రమును చూపుటకై 'ఐఎంజీ' యను టాగును ప్రతిపాదించెను. అందలి 'ఎస్ఆర్‌సీ' యను గుణము ఏ సర్వరుయొక్క చిరునామానైనను స్వీకరించును. ఇది ఆనాడు సామాన్యవిషయముగ తోచియుండవచ్చును గాని, ఒకరి పుటలో మరొకరి చిత్రము కనబడుట యను నేటి వ్యవహారమంతయు, దానివలని సౌకర్యములును తగవులును గూడ, ఆ వెసులుబాటునుండి పుట్టినవే.

ప్రవాహభావన అంతకంటె పాతది. బెల్ ప్రయోగశాలలకు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లో ఒక చిన్న వ్రాతలో, తోటకు నీరుపెట్టు గొట్టములను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను జతపరుపగల ఉపాయము కావలెనని సూచించెను. 1973లో కెన్ థామ్సన్ దానిని యునిక్స్ వ్యవస్థయందు 'పైపు'ల రూపమున ఆచరణలోనికి తెచ్చెను. 1981 సెప్టెంబరున ప్రామాణికపత్రముగ వెలువడిన టీసీపీ నియమావళియు ఇదే దృష్టిని నెట్‌వర్కునకు వర్తింపజేసి, సమాచారము ముక్కలుగ ప్రయాణించినను, అందుకొనువానికి మాత్రము క్రమము తప్పని బైట్ల వరుసగా గోచరించునట్లు ఏర్పాటు చేసెను. 1996 నాటి జావాలోని 'ఇన్‌పుట్‌స్ట్రీమ్', 2002లో వెలువడిన డాట్‌నెట్‌లోని 'స్ట్రీమ్', 2009లో ర్యాన్ డాల్ లోకమునకు పరిచయముచేసిన నోడ్ జేఎస్‌లోని స్ట్రీములు, ఇవియన్నియు ఈ వంశమునకే చెందినవి. బ్రౌజరులోపల జావాస్క్రిప్టునకు ఈ సదుపాయము 'ఫెచ్' వచ్చిన పిదపగాని, అనగా 2015 ప్రాంతమునగాని, సమకూడలేదు.

స్ట్రీము స్వభావము

ఫైలు మొత్తము మన యధీనమున ఉన్నప్పుడు దాని పరిమాణము తెలియును. ఏ భాగమునకైనను పోయి చదువవచ్చును. చదివినదానిని మరల చదువవచ్చును. నెట్‌వర్కునుండి వచ్చు స్ట్రీమున కీ సౌలభ్యము లేదు. అది ముందునకే సాగును, ఒకసారి చదివిన బైటు మరల రాదు, మొత్తము ఎంత యున్నదో ముందుగ తెలియుననియు నియమము లేదు. మూలసర్వరు 'కంటెంట్-లెంగ్త్' హెడరును పంపినచో పరిమాణము తెలియవచ్చును గాని, 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 నియమావళి, పరిమాణము తెలుపకయే ఖండములుగ పంపు పద్ధతిని గూడ అనుమతించినందున, ఆ హెడరు లేకుండుట దోషము కాదు. దానిని నమ్మి జ్ఞాపకమును కేటాయించు ప్రోగ్రాము, అది లేనిచో తడబడును. అది అబద్ధమైనచో మోసపోవును.

స్ట్రీమును చదువుటకు బఫరు అనబడు నిర్ణీతపరిమాణముగల జ్ఞాపకఖండము కావలెను. ఇందలి మెలకువ యేమనగా, బఫరు నిండునంత చదువుమని కోరినను నిండుననుకొనరాదు. నాలుగువేల బైట్లు కోరినచో పదునాలుగు వందలే చేతికి రావచ్చును. అంతవరకు వచ్చి చేరినవి అవియే యగుటచేత. డాట్‌నెట్‌లో సున్న బైట్లు వచ్చినప్పుడు, జావాలో ఋణసంఖ్య యొకటి వచ్చినప్పుడు, ప్రవాహము ముగిసినదని గ్రహింపవలెను. అందాక మరల మరల చదువుచుండవలసినదే. ఈ నియమమును విస్మరించి ఒక్కసారి చదివి ఊరకుండు ప్రోగ్రాము, రచయిత స్వంతయంత్రముపై, మూలసర్వరు ప్రక్కనే యుండుటచేత, చక్కగ పనిచేయును. దూరదేశపు సర్వరునుండి చిత్రమును తెప్పించిన నాడు మాత్రము జేపెగ్ చిత్రపు పైభాగము సరిగనుండి క్రిందిభాగము బూడిదవర్ణపు పట్టీగా మిగిలిపోవును. చూపరులు నెట్‌వర్కును నిందింతురు. తప్పు మాత్రము చదివిన తీరులోనిది.

బఫరు పరిమాణమును గూర్చి శాస్త్రచర్చ యక్కరలేదు. డాట్‌నెట్‌లో ఒక స్ట్రీమును మరొక స్ట్రీములోనికి ఒంపు 'కాపీటు' అను పద్ధతి స్వతస్సిద్ధముగ 81,920 బైట్ల బఫరును వాడును. ఆ వ్యవస్థలో 85,000 బైట్లు, అంతకు మించినవి యగు వస్తువులు వేరొక ప్రత్యేక జ్ఞాపకప్రాంతమునకు పోవును గనుక, దానికి లోబడిన సంఖ్యను ఏరి పెట్టిరి. ఇప్పుడు లెక్క చూడుడు: ఏకకాలమున ఐదువందలమంది ఐదేసి మెగాబైట్ల చిత్రములను కోరినారనుకొనుడు. ప్రతి చిత్రమును పూర్తిగ జ్ఞాపకమున నిలుపు సర్వరునకు 2,500 మెగాబైట్లు కావలెను. ప్రవాహపద్ధతి నవలంబించినదానికి ఐదువందల బఫర్లు, అనగా సుమారు 40 మెగాబైట్లు చాలును. చిత్రములు ఇరువదియేసి మెగాబైట్లైనచో మొదటి సంఖ్య పదివేలగును, రెండవది కదలదు.

మధ్యవర్తి సర్వరు

మధ్యవర్తి చేయవలసిన పని చెప్పుటకు సులభము. మూలసర్వరునకు కోరిక పంపి, జవాబులోని స్థితిసంఖ్యను, హెడర్లను చూచి, అది చిత్రమేయని తోచినచో తగిన 'కంటెంట్-టైప్' హెడరుతో తన జవాబును ప్రారంభించి, అటు చదువుచు ఇటు వ్రాయుచు పోవుటయే. ఆచరణలో మాత్రము, ప్రవాహమని పేరుపెట్టి కుప్పపోయు ప్రోగ్రాములు కోకొల్లలు. డాట్‌నెట్‌లోని 'హెచ్‌టీటీపీక్లయింట్' నందు 'గెట్ఎసింక్' అను పద్ధతి, వేరుగ కోరనియెడల, జవాబునంతయు జ్ఞాపకములోనికి లాగుకొనిన తరువాతగాని తిరిగిరాదు. పిదప దానినుండి స్ట్రీమును తీసికొని గర్వించినను ప్రయోజనము శూన్యము. హెడర్లు చదువుటతో తిరిగిరమ్మని 'రెస్పాన్స్‌హెడర్స్‌రీడ్' అను వికల్పముతో చెప్పినప్పుడే నిజమైన ప్రవాహము లభించును.

చదువు వేగమును వ్రాయు వేగమును సమముగ నుండుట యరుదు. మూలసర్వరు వేగముగ పంపుచు, చూపరి ఫోను మందకొడి సంబంధముతో అందుకొనుచున్నప్పుడు, మధ్యలో మిగిలిన బైట్లు ఎక్కడ నిలువవలెను? అవి జ్ఞాపకమున పేరుకొనుచు పోయినచో పైని చెప్పిన లెక్కయంతయు తలక్రిందులగును. దీనికి విరుగుడు ప్రతిపీడనము: వ్రాయువైపు నిండినప్పుడు చదువువైపును ఆపుట. చదువుట ఆగినచో టీసీపీలోని స్వీకరణ విండో ముడుచుకొని, ఆ వార్త మూలసర్వరువరకు పోయి, అదియు తన వేగమును తగ్గించుకొనును. నోడ్ జేఎస్‌లో 'రైట్' అను పద్ధతి అసత్యఫలమును తిరిగియిచ్చినచో ఆగుమని యర్థము. 'డ్రెయిన్' అను సంఘటన సంభవించిన పిదప మరల సాగవలెను. 'పైప్' అను పద్ధతి దీనిని తానే చూచుకొనును గాని, మూలప్రవాహము మధ్యలో చెడిపోయినప్పుడు గమ్యప్రవాహమును మూయదు. అట్లు మూయబడక మిగిలిన సంబంధములు కొన్నాళ్లకు సర్వరును కుంగదీయును. 2018లో నోడ్ పదవ సంచికతో వచ్చిన 'పైప్‌లైన్' ఈ లోపమును తీర్చినది. క్రొత్తగ వ్రాయువారు పాతదాని జోలికి పోనక్కరలేదు.

ప్రవాహపద్ధతికి నిజముగ సహజమైన కష్టమొకటి కలదు. దానిని ఏ ప్రోగ్రాము లైబ్రరీయు పూర్తిగ తీర్పజాలదు. మధ్యవర్తి 200 అను విజయసంఖ్యను, హెడర్లను పంపివేసి సగము చిత్రమును గూడ అందించిన తరువాత మూలసర్వరు తెగిపోయినచో, పంపిన సంఖ్యను వెనుకకు తీసికొనుట యసంభవము. అప్పుడు చేయదగినదెల్ల, జవాబును మర్యాదగ ముగింపక సంబంధమును హఠాత్తుగ త్రెంచుట. అట్లైన బ్రౌజరు అది అసంపూర్ణమని గ్రహించును. మర్యాదగ ముగించినచో సగము చిత్రమే సంపూర్ణచిత్రమని భావింపబడి, మధ్యనున్న కాష్‌లలో గూడ నిలిచి, పదిమందికి పదిరోజులు కనబడుచుండును. లోపమును దాచుటకంటె చాటుటయే ఇచట మేలు.

రెండు ప్రసిద్ధ దోషములు

డాట్‌నెట్ వాడువారిని రెండు దోషములు తరతరములుగ వేధించుచున్నవి. తెచ్చిన చిత్రమును మార్చుటకో కొలుచుటకో 'మెమరీస్ట్రీమ్'లోనికి ఒంపినప్పుడు, ఒంపుట ముగియుసరికి దాని స్థానసూచిక చివర నిలిచియుండును. దానిని మొదటికి త్రిప్పక చదువబోయినచో చదువుటకు ఏమియు మిగిలియుండదు. స్క్రీనుపై విరిగిన చిత్రపు గుర్తు, సర్వరు చిట్టాలో సున్న బైట్ల జవాబు, ఎచటను దోషసందేశము లేదు! ఒక్క పంక్తి వ్రాసి స్థానమును సున్నకు తెచ్చినచో సర్వము చక్కబడును.

రెండవది ఇంకను మాయావి. 'ఇమేజ్' తరగతిలోని 'ఫ్రమ్‌స్ట్రీమ్' అను పద్ధతి స్ట్రీమునుండి చిత్రమును నిర్మించి యిచ్చును గాని, ఆ చిత్రము జీవించియున్నంతకాలము ఆ స్ట్రీము తెరచియుండవలెనను నియమము కలదు. శుభ్రతయందు శ్రద్ధగల రచయిత పని యైనదనుకొని స్ట్రీమును మూసివేయును. తరువాత చిత్రమును భద్రపరుపబోవునప్పుడు, కారణమేమియు తెలుపని 'సాధారణ దోషము' అను జీడీఐ ప్లస్ సందేశ మెదురగును. మూసినది ఒకచోట, పగిలినది మరొకచోట. చిత్రమును వేరొక 'బిట్‌మ్యాప్'లోనికి ప్రతిచేసికొని ఆపై స్ట్రీమును మూయుట దీనికి పరిష్కారము. అసలు, సర్వరుపై నడచు వెబ్ అప్లికేషనులలో ఈ 'సిస్టమ్ డ్రాయింగు' వర్గమును వాడవలదని దాని నిర్మాతలే హెచ్చరించియున్నారు.

బ్రౌజరునందు

ప్రవాహము బ్రౌజరును చేరిన పిదప చిత్రము ఏ రీతిగ తెరపై అవతరించునో నిర్ణయించునది చిత్రరూపము. సామాన్య జేపెగ్ పైనుండి క్రిందికి వరుసలుగ విచ్చుకొనును. క్రమవికాస జేపెగ్ మొదట మసకగ మొత్తమును చూపి, తదుపరి స్కానులు వచ్చినకొలది స్పష్టమగును. 1987 నాటి జిఫ్ నాలుగు విడతలలో, తొలివిడత ఎనిమిదింట ఒక వరుస చొప్పున, అల్లుకొని రాగలదు. పీఎన్‌జీకి ఆడమ్7 అను ఏడు విడతల పద్ధతి కలదు, దాని మొదటి విడతలో వచ్చునది అరువదినాలుగింట ఒకవంతు బిందువులే. ఇవి యన్నియు మందగతి టెలిఫోను తీగలనాటి ఉపాయములైనను, క్రమవికాస జేపెగ్ మాత్రము నేటికిని ఉపయుక్తముగనే యున్నది. మధ్యవర్తి సర్వరు చిత్రమంతయు వచ్చువరకు పట్టియుంచినచో ఈ వికాసమున కవకాశమే యుండదు.

జావాస్క్రిప్టుతో చిత్రమును తెచ్చి చూపువారు 'బ్లాబ్' అను వస్తువును సృష్టించి దానికి తాత్కాలికమైన చిరునామాను పొందుదురు. ఆ చిరునామాను రద్దుచేయనిచో పుట మూయబడువరకు చిత్రము జ్ఞాపకమున నిలిచియుండును. పుటను మార్చకయే గంటలతరబడి నడచు అప్లికేషనులలో ఇది లెక్కకు వచ్చు నష్టము. చిత్రమును బేస్64 అక్షరములుగ మార్చి పుటలోనే పొదుగుట మరొక యాచారము. ప్రతి మూడు బైట్లకు నాలుగక్షరములగుటచేత పరిమాణము మూడవవంతు పెరుగును. పైగా చిత్రమంతయు పుటలో కూరబడుటచేత ప్రవాహమునకు చోటు లేదు. చిహ్నములవంటి చిన్న చిత్రములకు తప్ప ఇది తగదు.

'ఐఎంజీ' టాగు ఇతరసర్వరు చిత్రమును నిరభ్యంతరముగ చూపును గాని, దాని బైట్లను ప్రోగ్రాము చేతి కియ్యదు. మూలసర్వరు సీఓఆర్ఎస్ హెడర్లద్వారా అనుమతింపని చిత్రమును క్యాన్వాసుపై గీసినచో, ఆ క్యాన్వాసు మలినమైనదిగ పరిగణింపబడి, దానినుండి బిందువులను తిరిగి చదువుట నిషిద్ధమగును. మధ్యవర్తి సర్వరును ఆశ్రయించుటకు గల ప్రబలకారణములలో ఇది యొకటి.

అపాయములు, రక్షణోపాయములు

'కంటెంట్-టైప్' హెడరు మూలసర్వరు చెప్పు మాట మాత్రమే. దానికి సాక్ష్యము బైట్లలో కలదు. జేపెగ్ ఫైలు 255, 216, 255 అను బైట్లతోను, పీఎన్‌జీ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అను ఎనిమిదింటితోను ప్రారంభమగును. తొలిఖండమును చదివి, పరీక్షించి, చిత్రమేయని తేలినపిమ్మట ఆ ఖండమును మిగిలిన ప్రవాహమును వరుసగ పంపుట ఉత్తమము. ఇట్లు చేసినను ప్రవాహపద్ధతికి భంగము లేదు. అంతేకాక, పీఎన్‌జీయందు మొదటి 24 బైట్లలోను, జిఫ్‌నందు మొదటి పదింటిలోను చిత్రపు పొడవు వెడల్పులు లభించును. జేపెగ్‌లో మాత్రము అవి నియతస్థానమున నుండక, కెమెరా చేర్చిన వివరముల తరువాత ఎచటనో యుండును. ఈ కొలతలు ముందుగ తెలియుట విలువైన విషయము: 4,000 బిందువుల వెడల్పు, 3,000 బిందువుల ఎత్తుగల చిత్రము ఫైలుగ రెండుమూడు మెగాబైట్లే యైనను, విప్పినప్పుడు బిందువునకు నాలుగు బైట్ల చొప్పున 4 కోట్ల 80 లక్షల బైట్లగును. దురుద్దేశముతో కుదించిన చిన్న ఫైలు విప్పుసరికి సర్వరు జ్ఞాపకమునంతయు మ్రింగివేయగలదు.

వీనియన్నింటికంటె ఘోరమైన యపాయము చిరునామాలోనే దాగియుండును. ఏ చిరునామా ఇచ్చినను పోయి తెచ్చు మధ్యవర్తికి 127.0.0.1 అనియో, సంస్థ అంతర్గతయంత్రపు సంఖ్యయో ఇచ్చినచో, బయటివారికి కనరాని సమాచారమును అది తన చేతులతో తెచ్చి యిచ్చును. క్లౌడు యంత్రములలో 169.254.169.254 అను సంఖ్యకు జవాబిచ్చు సేవ తాత్కాలిక తాళపుసంకేతములను గూడ అందింపగలదు. 2019లో అమెరికాలోని కాపిటల్ వన్ బ్యాంకు ఖాతాదారులు, దరఖాస్తుదారులు సుమారు పదికోట్లమంది వివరములు బయటపడుటకు ఇట్టి దాడియే ద్వారమైనది. అచట లొంగినది చిత్రసేవ కాకపోయినను, సర్వరుచేత కోరికలు పంపించు మార్గమొకటే. కాన, పేరును సంఖ్యగ మార్చిన తరువాత ఆ సంఖ్య బహిరంగమైనదేనా యని పరీక్షింపవలెను. మూలసర్వరు మరొక చిరునామాకు మరలించినప్పుడు పరీక్షను పునరావృత్తి చేయవలెను. పరీక్షించిన సంఖ్యకే సంబంధము కల్పింపవలెను. గరిష్ఠపరిమాణమును, గరిష్ఠకాలమును విధించుట సరేసరి. ఎస్‌వీజీ చిత్రములు స్క్రిప్టును మోయగలవు గనుక వానిని తన పేరుమీద పంపకుండుట క్షేమము.

కాష్, నడచుచున్న ఉదాహరణములు

మధ్యవర్తి పద్ధతికి పెద్ద ఉదాహరణములు సుపరిచితములే. గిట్‌హబ్ 2010లో 'కామో' అను చిత్రప్రాక్సీని నెలకొల్పి, సంకేతముద్ర గల చిరునామాలను మాత్రమే అనుమతించెను. ముద్ర లేనివాడు దానిచేత ఏ చిత్రమును తెప్పింపజాలడు. జీమెయిల్ 2013 డిసెంబరునుండి ఉత్తరములలోని చిత్రములను గూగుల్ ప్రాక్సీద్వారా చూపుటచేత, పంపినవానికి చదువరి యంత్రపు సంఖ్య తెలియకుండ పోయినది. మధ్యవర్తివలని ఏకాంతరక్షణ ఇది.

తెచ్చిన చిత్రమును చూపరికి పంపుచునే మరొక శాఖగా డిస్కుపై వ్రాసికొనినచో రెండవ చూపరి కొరకు మూలసర్వరువద్దకు పోనక్కరలేదు. అయితే ప్రవాహము సంపూర్ణముగ ముగిసినదాకా ఆ ఫైలును తాత్కాలికనామముతో నుంచి, పిదపనే అసలుపేరు పెట్టవలెను. పాతబడినదేమో యను సందేహము కలిగినప్పుడు 'ఈట్యాగ్' గుర్తును పంపి యడిగినచో, మార్పు లేనియెడల మూలసర్వరు 304 అను సంఖ్యతో, చిత్రమేదియు లేకుండ బదులిచ్చును.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ద్వారా ఇస్రో 2009నుండి నడపుచున్న భువన్ సేవయు, చూపరి కోరిన ప్రాంతపు ఉపగ్రహచిత్రమును నెట్‌వర్కుపై అందించునదే. ఇట్టి సేవలలో పెద్దచిత్రమును చిన్నపలకలుగ ఖండించి కావలసిన పలకలనే పంపుదురు. పలక చిన్నదగుటచేత ప్రవాహపద్ధతివలని లాభము స్వల్పము. నా యభిప్రాయమున, కొన్నివందల కిలోబైట్లకు మించని చిత్రములకు గరిష్ఠపరిమితి యొకటి విధించి, మొత్తమును జ్ఞాపకమున నిలిపి, పరీక్షించి పంపుటయే సుగమము. సగములో తెగిన చిత్రములబాధ దానితో తొలగిపోవును. ప్రవాహపద్ధతి పెద్దచిత్రములకును, పరిమాణము తెలియనివానికిని ఉద్దేశింపదగినది.

తెలుగు వికీపీడియా పుటలలో మనము చూచు చిత్రములలో అధికభాగము 2004లో స్థాపింపబడిన వికీమీడియా కామన్స్‌నందు నిలువయుండి, వేరొక సర్వరునుండి వచ్చునవే. ఆ భాండాగారమునుండి చిత్రములను తమ అప్లికేషనులలోనికి తెచ్చుకొనువారు, మూలచిత్రమునకు బదులు తమ కొలతకు సరిపడు చిన్నరూపమునే కోరి, తమ ప్రోగ్రాము పేరును 'యూజర్-ఏజెంట్' హెడరులో స్పష్టముగ తెలిపి, ఒకమారు తెచ్చినదానిని నిలువచేసికొనవలెను; చిత్రకర్త పేరును, అనుమతిపత్రపు వివరమును చిత్రముక్రింద ప్రకటింపవలెను.